పాత మేడలో బొమ్మల కొలువు: చెన్నైలో ఒక కట్టడం ఆర్ట్ మ్యూజియం కావాలంటే

చెన్నై సెంట్రల్‌లో రైలు దిగి బయటికొస్తే, రిప్పన్ బిల్డింగ్ తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. దాని పక్కనే ఎర్ర ఇటుకల కట్టడం ఒకటుంది. అదే విక్టోరియా పబ్లిక్ హాల్. విజయవాడ నుంచీ నెల్లూరు నుంచీ వచ్చే మనవాళ్లు రోజూ దాని ముందు నుంచే ఆటో ఎక్కుతారు. 1883 డిసెంబరు 17న ఆ హాలుకు పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు. నమూనా గీసింది రాబర్ట్ ఫెలోస్ చిషోమ్. కట్టించిన కాంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి, మద్రాసులో స్థిరపడ్డ తెలుగు కోమట్ల ఇంటి మనిషి.

ఎన్నో ఏళ్లు పాడుబడి ఉన్న ఆ హాలును బాగుచేసే పని చెన్నై కార్పొరేషన్ చేపట్టింది. కింది అంతస్తులో మ్యూజియం, పై అంతస్తులో నాటకాలకు వేదిక అన్నది ప్రణాళిక. ఆ కబురు తెలిసినప్పటి నుంచి మా చుట్టాల్లో, అపార్ట్‌మెంటులో ఒకటే మాట వింటున్నాను. "గోడలున్నాయి, కప్పుంది. వెల్ల వేసి బొమ్మలు తగిలిస్తే సరిపోయేదానికి ఇన్నేళ్లెందుకు, ఇన్ని కోట్లెందుకు?"

అడగదగిన ప్రశ్నే. జవాబు ఒక్క ముక్కలో తేలదు. పాత కట్టడాన్ని కాపాడటం ఒక పని, అందులో పెట్టే బొమ్మల్ని కాపాడటం ఇంకో పని. ఈ రెంటికీ చాలా చోట్ల పొసగదు. ఖర్చూ ఆలస్యమూ వాదులాటలూ చాలావరకు అక్కడే పుడతాయి.

మరమ్మతు, పునరుద్ధరణ, మలచుకోవడం: మూడూ ఒకటి కావు

పత్రికల్లో ఈ మాటలన్నీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. ముందు వీటిని విడదీసుకుందాం.

కారే కప్పును ఆపడం, ఊడిన పెచ్చులు పూడ్చడం మరమ్మతు. కట్టడాన్ని దాని పాత రూపానికి తేవడం పునరుద్ధరణ. మధ్యలో వేసిన ఫాల్స్ సీలింగు పీకేయడం, మూసేసిన వరండా తెరవడం దీనిలోకి వస్తాయి. ఏ వాడకానికి కట్టారో దానికి కాక, కొత్త అవసరానికి సిద్ధం చేయడాన్ని అడాప్టివ్ రీయూజ్ అంటారు. తెలుగులో మలచుకోవడం అంటే సరిపోతుంది. గోదామును హోటలు చేసినా మలచుకోవడమే, జమీందారు మేడను మ్యూజియం చేసినా మలచుకోవడమే.

గ్యాలరీకీ మ్యూజియానికీ కూడా తేడా ఉంది. గ్యాలరీకి సొంత బొమ్మలు ఉండి తీరాలని లేదు. ఈ వారం ఒకరి ప్రదర్శన, వచ్చే వారం ఇంకొకరిది. మ్యూజియానికి సొంత సేకరణ ఉంటుంది. దాన్ని కాపాడే, చదివే, జనానికి చూపే బాధ్యత శాశ్వతంగా నెత్తిన ఉంటుంది. ప్రపంచ మ్యూజియంల సంఘం 2022లో సవరించుకున్న నిర్వచనంలోనూ శాశ్వత సంస్థ, లాభాపేక్ష లేనిది, సమాజానికి సేవ చేసేది అనే మాటలే ముఖ్యం. అందుకే "అక్కడ మ్యూజియం పెడతాం" అని ఎవరైనా ప్రకటిస్తే, అడగవలసిన మొదటి ప్రశ్న కట్టడం గురించి కాదు. అందులోకి ఏ బొమ్మలు వస్తాయి, అవి ఎవరివి అన్నది.

చెన్నైకి ఈ మలచుకోవడం కొత్తేమీ కాదు. సెయింట్ జార్జి కోటలోని మ్యూజియం భవనం 1795లో వర్తకుల ఎక్స్ఛేంజిగా తయారైంది. 1796 నుంచి కొన్ని దశాబ్దాలు దాని కప్పు మీద ఓడలకు దారి చూపే దీపం వెలిగింది. తర్వాత సైనికాధికారుల మెస్ అయింది. 1948లో మ్యూజియంగా తలుపులు తెరిచింది. ఎగ్మూరు మ్యూజియం సంగతీ అంతే. 1851లో పుట్టిన ఆ సంస్థ 1854లో పాంథియన్ అనే పాత విందు వినోదాల ప్రాంగణానికి మారింది. ఆ రోడ్డును ఇప్పటికీ పాంథియన్ రోడ్డనే అంటాం.

కట్టడం ఎవరిది? అక్కడే సగం కాలం కరిగిపోతుంది

విక్టోరియా హాలు కథనే తీసుకోండి. 1886లో ఆ స్థలాన్ని హాలు ట్రస్టుకు 99 ఏళ్ల లీజుకిచ్చారు. మొత్తం 57 గ్రౌండ్లు, గ్రౌండుకు 8 అణాల చొప్పున. చెన్నై లెక్కలో గ్రౌండంటే 2,400 చదరపు అడుగులు, అంటే 57 గ్రౌండ్లు మూడెకరాల పైచిలుకు. అద్దె మొత్తం 28 రూపాయల 8 అణాలు! సెంట్రల్ స్టేషన్ పక్కన!

1985లో లీజు గడువు తీరింది. ఆపైన హాలు ఎవరి చేతిలో ఉండాలన్న దాని మీద ట్రస్టుకూ కార్పొరేషన్‌కూ మధ్య ఏళ్ల తరబడి వివాదం నడిచింది, కోర్టు మెట్లూ ఎక్కింది. యజమాని ఎవరో తేలని ఇంటికి వెల్ల ఎవరు వేయిస్తారు? చెన్నై పాత బస్తీ జార్జిటౌన్‌లో కూలిపోతున్న ఇళ్లలో చాలావాటి జబ్బు ఇదే. వానకు కూలేవాటికంటే వాటాలు తేలక కూలేవే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు.

యజమాని తేలాక చట్టం సంగతి. జస్టిస్ పద్మనాభన్ కమిటీ చెన్నైలో 467 కట్టడాలతో ఒక జాబితా ఇచ్చింది. 2010లో మద్రాసు హైకోర్టు దాన్ని పరిగణనలోకి తీసుకుని, వాటి జోలికి వెళ్లే ముందు హెరిటేజ్ కన్జర్వేషన్ కమిటీని అడగాలంది. ఈ కమిటీ నగరాభివృద్ధి సంస్థ సీఎండీఏ కింద పనిచేస్తుంది. ఇక రాష్ట్రమంతటికీ వర్తించే తమిళనాడు హెరిటేజ్ కమిషన్ చట్టం 2012లోనే చేశారు. అమల్లోకి వచ్చింది 2024లో.

జాబితాలోని కట్టడాలకు గ్రేడ్లుంటాయి. మొదటి గ్రేడు దాన్ని లోపలా బయటా ముట్టుకోవాలంటే ప్రతిదానికీ కారణం చూపాలి. గ్రేడు తగ్గేకొద్దీ లోపల మార్పులకు వెసులుబాటు పెరుగుతుంది. మ్యూజియం పెట్టాలనుకునేవాళ్లకు ఇక్కడే చిక్కు వస్తుంది. మంచి కట్టడం కావాలి కాబట్టి పై గ్రేడు వాటి మీదికే కన్ను పోతుంది. లిఫ్టు, ఏసీ గొట్టాలు, రెండో మెట్లదారి పెట్టడానికి అన్నిటికంటే కష్టమయ్యేవీ అవే. వికలాంగుల హక్కుల చట్టం 2016 ప్రకారం చక్రాల కుర్చీలో వచ్చేవారికీ లోపలికి దారుండాలి. అగ్నిప్రమాదం జరిగితే బయటపడటానికి ఇంకో మెట్లదారి ఉండాలి. పాత మేడకు ఉన్నదల్లా ఒక్క చెక్కమెట్ల వరస.

గోడకు ఊపిరాడాలి, బొమ్మకు చెమ్మ తగలకూడదు

ఇక్కడ కాస్త ఆగుతాను, అసలు చిక్కుముడి ఇదే కాబట్టి.

మద్రాసు పాత కట్టడాలు ఇటుకా డంగుసున్నంతో కట్టినవి. సిమెంటు లేదు. గానుగలో రుబ్బిన సున్నంలో బెల్లం నీళ్లు, నానబెట్టిన కరక్కాయ నీళ్లు కలిపేవారు. నున్నటి పూతకైతే కోడిగుడ్డు తెల్లసొన, పెరుగు కూడా. కప్పుల్లో మద్రాస్ టెర్రస్ అనే పద్ధతి ఉంది. టేకు దూలాల మీద పల్చని చిన్న ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో సున్నంతో పేర్చుతారు. దాని మీద ఇటుక ముక్కలూ సున్నమూ కలిపి పరిచి, రోజుల తరబడి చెక్కలతో దరువేసినట్టు కొట్టి, పైన పలకలు పరుస్తారు. వందేళ్లు దాటినా ఆ మిద్దెలు నిలబడ్డాయంటే ఆ దెబ్బల పుణ్యమే.

సున్నపు గోడ వానాకాలం చెమ్మ పీలుస్తుంది, ఎండ కాయగానే వదిలేస్తుంది. అదే దాని ఆరోగ్యం. జార్జిటౌన్‌లో మా పెదనాన్నగారి ఇల్లు అలాంటిదే. పదేళ్ల కిందట ముందు గదిలో పెచ్చులు ఊడుతున్నాయని సిమెంటు పూత వేయించారు, పైన మెరిసే ఎమల్షన్ రంగు. మొదటి ఏడు అద్దంలా ఉంది. మూడో వానాకాలం వెళ్లేసరికి నడుము ఎత్తు దాకా రంగు పొక్కులు లేచింది. చేత్తో నొక్కితే పొక్కు పగిలి, లోపల తెల్లటి ఉప్పు పిండిలా రాలింది. ఆ పొరంతా చెక్కడానికి వచ్చిన మేస్త్రీ గూడూరు వైపు మనిషి. రాలిన ఉప్పును వేళ్ల మధ్య నలిపి చూపించాడు. "సున్నం గోడకి ఊపిరాడాలమ్మా. సిమెంటు రాస్తే ముక్కూ నోరూ మూసినట్టే. చెమ్మ ఎటు పోతాది? పైకి పాకతాది, ఉప్పును మోసుకోని" అన్నాడు.

శాస్త్రం చెప్పేదీ అదే. నేలలోంచి గోడలోకి ఎక్కిన నీరు ఆరేటప్పుడు తనలో కరిగిన లవణాల్ని వదిలి పోతుంది. అవి గడ్డకట్టి ఉబ్బుతూ పూతను నెడతాయి, ఇటుకను పిండి చేస్తాయి.

ఆ గోడకు ఒక చిత్రపటం తగిలించారనుకోండి. చిత్రానికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాన్వాసు, కాగితం, కొయ్య ఇవన్నీ చెమ్మకు సాగి, పొడికి ముడుచుకుంటాయి. సాగడం ముడవడం పదే పదే జరిగితే రంగు బీటలిస్తుంది. కాగితానికి బూజు పడుతుంది. గాలిలో తేమ 50 శాతం అటూ ఇటూ, పెద్దగా ఊగకుండా ఉండాలన్నది మ్యూజియంలు చాలాకాలంగా పాటించే కొలత. సముద్రం పక్కనున్న చెన్నైలో అది తరచూ 70 దాటుతుంది. కాబట్టి ఏసీ కావాలి, అదీ రాత్రింబవళ్లు. పగలు వేసి రాత్రి ఆపేస్తే తేమ రోజుకొకసారి ఊగుతుంది, అసలు ఏసీ లేకపోవడంకంటే అదే ఎక్కువ చేటు.

ఏసీ పెట్టాలంటే కిటికీలు బిగించాలి. లోపల చల్లన, బయట ఉక్క. బయటి తేమ గోడలోంచి లోపలికి నడుస్తుంది, చల్లబడ్డ చోట నీరవుతుంది. చిత్రం బాగుంటుంది, గోడ నానుతుంది.

ఈ గొడవకు మనకు బాగా దగ్గరి ఉదాహరణ ఎగ్మూరులోనే ఉంది. అమరావతి స్తూపం శిల్పాల్లో పెద్ద భాగం ఇక్కడే ఉన్నాయని చాలామందికి తెలుసు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తెప్పించినవాటిలో కొన్ని లండన్ వెళ్లాయి, తక్కినవి మిగిలాయి. 19వ శతాబ్దంలోనే ఆ సున్నపురాతి పలకల్ని మ్యూజియం గోడల్లో సిమెంటుతో పొదిగారు. అప్పటివాళ్ల దృష్టిలో అదే భద్రం, కదలవు, పడిపోవు. కానీ గోడలోని చెమ్మా ఉప్పూ పలకల్లోకి ఎక్కాయి. రాయి పొరలుగా లేచి రాలే పరిస్థితి వచ్చింది. రెండు వేల ఏళ్లు ఎండకూ వానకూ తట్టుకున్న పల్నాటి రాయికి, నీడనిచ్చిన గోడే ముప్పయింది. గుంటూరు నుంచి వచ్చిన మా పిన్నితో కలిసి ఆ గదిలో నిలబడినప్పుడు ఆవిడ ఒక పద్మం అంచు దగ్గర ముఖం పెట్టి చాలాసేపు చూసింది. అక్కడ రేకులు గరుగ్గా, అట్టు అంచులా లేచి ఉన్నాయి. "మన ఊళ్లోనే ఉండుంటే ఇంతకంటే బాగుండేదో పాడయ్యేదో" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. ఊళ్లో మిగిలిన రాళ్లలో కొన్ని సున్నం బట్టీలకు పోయాయన్నదీ నిజమే.

మరి దారి లేదా అంటే, ఉంది. పాత గోడకు కొంచెం ఎడంగా, మధ్య గాలి ఆడేలా, తేలికపాటి కొత్త గోడ ఒకటి నిలబెట్టి చిత్రాలు దానికి తగిలిస్తారు. రేపు వద్దనుకుంటే మేకు గుర్తయినా లేకుండా తీసేయవచ్చు. లేదా మేడంతా చల్లబరచకుండా సున్నితమైనవాటిని మాత్రం తేమ అదుపులో ఉండే గాజు పెట్టెల్లో ఉంచుతారు. లోహం, రాయి, మట్టిబొమ్మలు మామూలు గాలిలో ఉంటాయి. కొత్తగా చేర్చినదేదీ పాతదానిలా నటించకూడదు, చూస్తే కొత్తదని తెలియాలి అన్న సూత్రం పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో రాసుకున్న అంతర్జాతీయ పత్రం, వెనిస్ చార్టర్‌లోనే ఉంది.

ఈ పరిష్కారాన్ని ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. నగిషీ పూత ఉన్న గోడను కొత్త పలకతో కప్పేస్తే పాత కట్టడం తెచ్చుకుని ఏం లాభం అని వాళ్లడుగుతారు. గదిని ఖాళీగా వదిలేయడం కూడా ఒక ప్రదర్శనే అంటారు. న్యాయమైన మాటే. అందుకే మంచి నమూనాల్లో కొన్ని గదులు కట్టడానికే వదిలేసి, కొన్ని గదులు బొమ్మలకిస్తారు.

వెలుతురుదీ ఇదే తంటా. మన మేడల అందమంతా పొడవాటి కిటికీలు, రంగుటద్దాలు, మధ్య ముంగిలి. వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట లక్ష లక్సుల వెలుతురు ఉంటుంది. నీటిరంగులు, కాగితం, కలంకారీ గుడ్డ తట్టుకోగలిగింది 50 లక్సులు. నూనెరంగులకు 200 దాకా పర్వాలేదు. వెలుతురు చేసే నష్టం కొంచెం కొంచెంగా కూడుకుంటూ పోతుందే గానీ వెనక్కి రాదు. వెలిసిన నీలం మళ్లీ నీలం కాదు.

ఒక మేడను లెక్కలో పెట్టి చూద్దాం

ఊహకు ఒక మేడ అనుకుందాం. 1900 ప్రాంతంలో కట్టింది, రెండంతస్తులు, పొడవు 20 మీటర్లు, వెడల్పు 12. అంతస్తుకు 240 చదరపు మీటర్లు, మొత్తం 480.

గోడల మందం రెండడుగులు. వాటికే ఐదో వంతు, అంటే 96 పోతుంది. మెట్లు, లిఫ్టు, మరుగుదొడ్లు, టికెట్టు గది, ఆఫీసు కలిసి 110. నిల్వ గది, బొమ్మల్ని శుభ్రం చేసి బాగుచేసే గది 80. మిగిలింది 194. బయటినుంచి అంత పెద్ద మేడ, బొమ్మలకు దక్కింది నూటికి 40 వంతులు.

అందులో ఒక గది 6 మీటర్లు, 5 మీటర్లు. చుట్టుకొలత 22 మీటర్లు. రెండు తలుపులు, నాలుగు కిటికీలు, ఒక్కోటి 1.2 మీటర్ల వెడల్పు, కలిపి 7.2. మిగిలిన గోడ 14.8 మీటర్లు, అదీ ముక్కలు ముక్కలుగా. మీటరు వెడల్పు చిత్రానికి అటూ ఇటూ ఖాళీతో మీటరున్నర కావాలి. ఏడో ఎనిమిదో పడతాయి, అంతే.

ఇప్పుడు నేల. మన భవన నిర్మాణ ప్రమాణాల్లో ఇంటి నేల చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు మోయాలంటారు. మ్యూజియం నేల 400 మోయాలి. మన 30 చదరపు మీటర్ల గది ఇంటి లెక్కన 6 టన్నులు మోస్తుంది, మ్యూజియం కావాలంటే 12 టన్నులు మోయాలి. అర మీటరు చదరం, మీటరు ఎత్తు నల్లరాతి శిల్పం ఒకటి 675 కిలోలు తూగుతుంది. అది నిలబడే పావు చదరపు మీటరు మీద పడే ఒత్తిడి చదరపు మీటరుకు 2,700 కిలోల లెక్క. చెదలు తిన్న టేకు దూలం మీద దాన్ని ఊహించండి! రాతి విగ్రహాలు కింది అంతస్తులో, చిత్రాలు మేడ మీద ఉండటానికి ఇదే కారణం. "ఒకసారికి 25 మందే" అని పై అంతస్తు మెట్ల దగ్గర బోర్డు కనిపిస్తే విసుక్కుంటాం గానీ, ఆ బోర్డు ఎవరో ఇంజినీరు దూలం దూలం తట్టి చూసి వేయించింది.

తలుపు తెరిచిన మర్నాటి నుంచి మొదలయ్యే ఖర్చు

కట్టడం బాగుచేయడానికి ఒకసారి డబ్బు దొరుకుతుంది. ప్రభుత్వ పథకం ఉంటుంది, కంపెనీల సామాజిక బాధ్యత నిధి ఉంటుంది, రిబ్బను కత్తిరించే ఫొటో ఉంటుంది. కరెంటు బిల్లు ముందు నిలబడి ఎవరూ ఫొటో దిగరు.

అదే మేడలో 10 టన్నుల ఏసీ ఉందనుకుందాం. టన్నుకు 1.2 కిలోవాట్లు, రోజంతా సగటున 60 శాతం పని. రోజుకు 173 యూనిట్లు, నెలకు 5,200 దాకా. యూనిట్ 10 రూపాయలనుకుంటే 52,000. కాపలాకూ గదులు చూసుకోవడానికీ కలిపి పదిమంది, ఒక్కొక్కరికి 18,000 అనుకుంటే లక్షా 80 వేలు. ఈ రెంటికే 2 లక్షల 32 వేలు. టికెట్టు 20 రూపాయలైతే నెలకు 11,600 మంది, అంటే 26 రోజులు తెరిస్తే రోజుకు 446 మంది రావాలి. అంతమంది వస్తే ఆ 194 చదరపు మీటర్లలో గాలి ఆడదు. పైగా సేకరణను చూసుకునే క్యూరేటరు జీతం, బీమా, చెదల మందు, కప్పు మరమ్మతు లెక్కలోకే రాలేదు. అంకెలు నేను అనుకున్నవే, మీరు మార్చి వేసుకున్నా తేలేది ఒకటే: టికెట్ల మీద ఏ చిన్న మ్యూజియమూ బతకదు. ఏటేటా ఎవరో ఒకరు పూచీ పడాలి.

పూచీ తప్పితే ఏమవుతుందో చెప్పడానికి ఎగ్మూరులోని నేషనల్ ఆర్ట్ గ్యాలరీ ఉంది. హెన్రీ ఇర్విన్ గీసిన ఆ విక్టోరియా మెమోరియల్ హాలుకు (సెంట్రల్ పక్కనున్న పబ్లిక్ హాలు వేరు) 1906లో శంకుస్థాపన జరిగింది. అది కట్టిందీ నంబెరుమాళ్ శెట్టే. ముందు భాగానికి వాడిన గులాబీ రంగు ఇసుకరాయి మన సత్యవేడుది. 1951లో ఆర్ట్ గ్యాలరీ అయింది, రవివర్మ చిత్రాలు అక్కడే చూసేవాళ్లం. తర్వాత కట్టడం బలహీనపడి ఏళ్ల తరబడి మూతపడింది, చిత్రాలు వేరే భవనానికి వెళ్లాయి.

నిల్వ గది గురించి ఒక్క మాట. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో అందరికీ తెలుసు, బొమ్మ మెట్ల మీద ఉండేది తొమ్మిది రోజులు. మిగతా ఏడాదంతా పాత పంచె ముక్కల్లో చుట్టి, వేపాకు వేసి, అటక మీద. ఆ అటక సరిగ్గా లేకపోతే మరుసటి దసరాకు కొలువే లేదు. మ్యూజియం కూడా తన దగ్గరున్నవాటిలో చాలా తక్కువే బయట పెడుతుంది. పాత మేడలో చోటు చాలక ముందు కోత పడేది నిల్వ గదికే, అదీ చెమ్మెక్కే కింది గదికో, ఎండ కాచే మిద్దె మీది రేకుల షెడ్డుకో పోతుంది.

ప్రభుత్వం నడపాలా, ప్రైవేటుకివ్వాలా?

ఈ వాదన బెంగళూరులో బాహాటంగా జరిగింది. కస్తూర్బా రోడ్డులో వెంకటప్ప ఆర్ట్ గ్యాలరీ ఉంది. అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడు కె. వెంకటప్ప పేరు మీద వెలసింది. మరీ పాత కట్టడం కాదు, 1970లలోది, కానీ చిక్కు అదే. 2015లో కర్ణాటక పర్యాటక శాఖ దాన్ని తీర్చిదిద్ది నడిపే పనిని ఒక ప్రైవేటు ఫౌండేషన్‌కు అప్పగించేందుకు ఒప్పందం చేసుకుంది. చిత్రకారులు రోడ్డెక్కారు.

ఇవ్వాలన్నవారి వాదనలో బలముంది. గ్యాలరీ నిర్వహణ బాగాలేదు, ప్రభుత్వానికి డబ్బూ నైపుణ్యమూ తక్కువ, వచ్చేవారి దగ్గర రెండూ ఉన్నాయి, పైగా వారి సొంత సేకరణ జనానికి చూసే వీలు దొరుకుతుంది. వద్దన్నవారి వాదనా తీసిపారేసేది కాదు. కుర్ర చిత్రకారులు కొద్దిపాటి అద్దెకు మొదటి ప్రదర్శన పెట్టుకునే చోటు అదొక్కటే, ప్రజల స్థలం మీద ఏం చూపాలో ఒకరి అభిరుచి నిర్ణయించకూడదు, మమ్మల్ని అడగకుండా ఎలా ఇస్తారు అన్నారు. 2016లో ప్రతిపాదన వెనక్కి పోయింది. ఆ ఫౌండేషన్ అదే రోడ్డులో కొత్త భవనం కట్టుకుంది. అదే 2023లో తెరిచిన మ్యూజియం ఆఫ్ ఆర్ట్ అండ్ ఫొటోగ్రఫీ. నగరానికి రెండూ మిగిలాయి. అన్ని వివాదాలూ ఇంత మంచిగా తేలవు, రెండో స్థలం కొనగలిగే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి.

అదే ఊళ్లో ప్యాలెస్ రోడ్డు మీద మాణిక్యవేలు మాన్షన్ ఉంది. మూడున్నర ఎకరాల తోట మధ్య పాత మేడ. 2009లో నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ బెంగళూరు శాఖ అయింది. అక్కడ మేడ మీదే భారమంతా వేయకుండా, పక్కన కొత్త గ్యాలరీ విభాగం కట్టి కలిపారు. చెట్లను, మేడ ముఖాన్ని అలాగే ఉంచారు. నాకు నచ్చిన మార్గం ఇదే. కానీ దానికి స్థలం కావాలి, జార్జిటౌన్ సందుల్లో గోడకు గోడ ఆనుకున్న మేడకు పక్కన అడుగు నేల ఉండదు.

అసలు మ్యూజియమే ఎందుకు అనేవారూ ఉన్నారు. పాత కట్టడమంటే చాలు మ్యూజియం అనేస్తున్నారు, గ్రంథాలయమో నాటకశాలో అయితే రోజూ జనం మసలుతారు కదా అంటారు. విక్టోరియా హాలు విషయంలో ఈ మాటకు చరిత్ర బలం ఉంది. అది పుట్టిందే సభలకు, నాటకాలకు. పై అంతస్తును వేదికకు ఉంచాలన్న ప్రణాళిక ఈ వాదానికి ఇచ్చిన చోటే.

స్థానిక కళ అంటే ఎవరి కళ?

స్థానిక మ్యూజియం అనే మాటలో ఉన్న చివరి ముడి ఇది. చెన్నైలో స్థానికం అంటే తమిళం, సందేహం లేదు. అయితే మద్రాసు కళా చరిత్ర తవ్వితే మన పోగులు అడుగడుగునా తగులుతాయి.

బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభతో మద్రాసు వచ్చి తెలుగు నాటకాలాడారు. అవి చూసి ఉత్తేజపడి తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ ముదలియార్ 1891లో సుగుణ విలాస సభ పెట్టారు, ఆ సభ విక్టోరియా హాల్లో ఏళ్ల తరబడి నాటకాలు వేసింది. తూర్పు గోదావరిలో పుట్టిన ఎం. రెడ్డెప్ప నాయుడు మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివి, మద్రాసు మూవ్‌మెంట్ అనే ఆధునిక కళా ఉద్యమపు చిత్రకారుల్లో ముఖ్యుడయ్యాడు. ఆయన దేవతల చిత్రాల్లో తెలుగు అక్షరాలు గీతలతో కలిసిపోయి నడుస్తాయి. 1947లో చందమామ మొదలైంది ఈ ఊళ్లోనే. వడ్డాది పాపయ్య ముఖచిత్రాలూ శంకర్ బొమ్మలూ చూస్తూ రెండు రాష్ట్రాల పిల్లలు పెరిగారు. బాపు గీత గీసిందీ ఇక్కడే.

వీటిలో ఎక్కువ భాగం కాగితం మీదివి. 50 లక్సులవి. అటకల మీద, ఇనప బీరువాల్లో ఉన్నవి. కొన్ని బొమ్మలు ఎవరివని అడిగితే ప్రచురణ సంస్థవా, గీసినవారి వారసులవా అన్నది తేలనివి.

స్థానికత గురించి రెండు చూపులున్నాయి. ఊళ్లో పుట్టిన శైలినే చూపాలి, లేకపోతే మ్యూజియానికి ముఖం ఉండదన్నది ఒకటి. ఊరికి వచ్చి పనిచేసిన ప్రతివారూ స్థానికులే, రేవు పట్టణానికి అదే లక్షణమన్నది రెండోది. మొదటిదాని వల్ల సేకరణ చిక్కగా, నిలకడగా ఉంటుంది. రెండోదాని వల్ల విశాలమవుతుంది, అదుపు తప్పే ప్రమాదమూ ఉంది. నాకు రెండోదే సరైనదనిపిస్తుంది, పునాదిరాయి మీద విజయనగరం ఉన్నప్పుడు లోపలి గదిలో ఒక్క తెలుగు అక్షరమైనా ఉండాలి కదా. గది పలకల మీద వివరాలు ఏయే భాషల్లో రాయాలన్న చిన్న నిర్ణయంలో ఈ తగవంతా దాగి ఉంది.

మొన్న దసరాకు పెదనాన్నగారింటికి వెళ్లాను. కొలువు పై మెట్టు మీద ఎప్పటిలాగే వాళ్ల నాయనమ్మ పెళ్లినాటి రక్తచందనం బొమ్మల జంట. పట్టుగుడ్డ చుట్టి, పూసలు వేసి ఉన్నాయి. ఆడబొమ్మ ఎడమ చెయ్యి ఎప్పుడో విరిగితే మైనంతో అతికారు. "మా తర్వాత పిల్లలు అమెరికాలో వీటిని ఎక్కడ పెడతారే? మ్యూజియం వస్తోందంటున్నావుగా, తీసుకుంటారేమో కనుక్కో" అన్నారు పెదనాన్న.

కనుక్కున్నాను. ఒక మ్యూజియం దానం పుచ్చుకోవాలంటే ఇచ్చేవారికి హక్కుందని రాతపూర్వకంగా ఉండాలి. వస్తువు ఎక్కడ చేశారు, ఎవరెవరి చేతులు మారింది, ఎప్పుడు విరిగింది అన్నీ రాయించుకుంటారు. పురుగుందేమోనని కొన్నాళ్లు విడిగా ఉంచుతారు. అప్పుడు ఒక నంబరు పడుతుంది, ఆ నంబరుతో అది రిజిస్టరులోకి ఎక్కుతుంది. మైనం అతుకు తీయరు, అదీ దాని చరిత్రలో భాగమే.

ఇదంతా చెబితే పెదనాన్న ఒక తెల్లకాగితం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, పైన "బొమ్మల వివరం" అని రాసి గీత కొట్టారు. మొదటి వరుసలో వాళ్ల నాయనమ్మ పేరు, పుట్టిల్లు వెంకటగిరి అని రాసి, ఏ సంవత్సరమో గుర్తురాక పెద్దమ్మను కేకేశారు.